రెస్ట్‌తో తగ్గిన మోకాలి నొప్పి, పరుగెత్తగానే ఎందుకు తిరగబెడుతుంది?

నేవీ మారథాన్‌కి పేర్లు ఇవ్వడం మొదలైందంటే విశాఖలో ఫిజియోథెరపీ గదులకు ఒకే రకం మోకాళ్లు వరస కడతాయి. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ మర్నాడు వచ్చేవి వేరు. అవి అలవాటు లేకుండా 32 కిలోమీటర్లు ఒక్కసారే నడిచిన మోకాళ్లు, చాలామటుకు వారం పదిరోజుల్లో వాటంతటవే సర్దుకుంటాయి. ఇవి అలా కాదు. మూడు నాలుగు నెలలుగా బీచ్ రోడ్డులో పరుగెత్తి, ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపినవి. కుర్చీలో కూర్చోగానే వచ్చే మాట కూడా ఒకటే: "గుజ్జు అరిగిపోనాదంటన్నారండి. ఇంక పరిగెట్టకూడదా?"

అన్నదెవరయ్యా అంటే పక్కింటాయన, జిమ్ములో కుర్రాడు, వాట్సాప్. వాళ్ల మీద విసుగు వస్తుందిగానీ, అడిగినవాళ్ల మీద కాదు. ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో మోకాలి చిప్ప మార్పిడి జరగడం చూసినవాళ్లకు ఆ భయం ఉండదా మరి.

అపోహ: నొప్పి పూర్తిగా పోయేదాకా రెస్ట్ తీసుకుంటే చాలు, పోయాక ఎప్పట్లాగే పరుగెత్తొచ్చు.

జనానికి నెలలకు నెలలు పోగొట్టేది ఇదే. మిగతా అపోహలన్నీ దీని తర్వాతే.

పరుగువల్ల వచ్చే మోకాలి నొప్పుల్లో ఎక్కువ భాగం మూడు రకాలు. చిప్ప వెనకా చుట్టూ వచ్చేది ఒకటి: మెట్లు దిగుతుంటే, సినిమా హాల్లో రెండు గంటలు కూర్చుని లేస్తుంటే తెలుస్తుంది. మోకాలి బయటి పక్కన సూదితో పొడిచినట్టు వచ్చేది రెండోది, ఐటీ బ్యాండ్ (తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటి పక్కన ఉండే గట్టి పట్టీ) నొప్పి. ఇది దాదాపు గడియారం చూసుకుని వస్తుంది: రెండు కిలోమీటర్లు హాయిగా సాగి, మూడోది దాటగానే పట్టేస్తుంది, దిగుడులో ఇంకా ఎక్కువవుతుంది. చిప్పకు సరిగ్గా కింద, వేలితో నొక్కి చూపించగలిగిన చోట ఉంటే టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) నొప్పి. మూడింటికీ మూలం మాత్రం తరచుగా ఒకటే. మోకాలికి అలవాటైన భారం కన్నా ఎక్కువ భారం, తక్కువ వారాల్లో పడింది.

ఒక లెక్క చూడండి. వారానికి 14 కిలోమీటర్లు పరుగెత్తే మనిషి రేసు దగ్గర పడుతోందని మూడు వారాల్లో 28కి వెళ్లాడు. ఆర్కే బీచ్ దగ్గరి చదును రోడ్డు వదిలి జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు వైపు ఎగుడుదిగుళ్లు కలిపాడు. ఆదివారం కైలాసగిరి ఘాట్ ఎక్కి, దిగేటప్పుడు వేగం పెంచాడు. నొప్పి వచ్చింది. మూడు వారాలు పూర్తిగా ఆపాడు, నొప్పి పోయింది. నాలుగో ఆదివారం "బాగుంది కదా" అని నేరుగా పది కిలోమీటర్లు. ఇంటికి కుంటుకుంటూ వచ్చాడు.

రెస్ట్‌లో చిరాకు పడ్డ కణజాలం చల్లబడింది, నిజమే. అదే మూడు వారాల్లో తొడ, పిరుదు, పిక్క కండరాలూ టెండనూ భారం తట్టుకునే శక్తి కూడా కొంత పోగొట్టుకున్నాయి. అంటే నొప్పి తగ్గిన రోజున మోకాలు మొదటికన్నా బలహీనంగా ఉంది. దాని మీద పాత దూరం పెట్టారు. తిరగబెట్టక ఏం చేస్తుంది?

చేయాల్సింది ఆపడం కాదు, తగ్గించడం. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. పరుగులో రెండు దాటకపోతే కొనసాగించొచ్చు. మూడు నుంచి అయిదైతే ఆ రోజు దూరం సగం చేయండి, దిగుళ్లు వద్దు. అయిదు దాటినా, నొప్పివల్ల నడక తీరు మారినా అక్కడే ఆపి నడుచుకుంటూ ఇంటికి వెళ్లండి. అసలు పరీక్ష మర్నాడు ఉదయం, మేడ మెట్లు దిగేటప్పుడు. నిన్న పరుగుకు ముందు ఎలా ఉందో అలాగే ఉంటే వేసిన భారం సరిపోయింది. ఎక్కువగా ఉంటే నిన్నటిది ఎక్కువైంది, తర్వాతి సారి మూడో వంతు కోసేయండి. వాపు కనబడితే మార్కులతో పని లేదు, పరుగు ఆపాల్సిందే.

ఇప్పటికే ఆపేసి ఉన్నవాళ్లు ముందు 30 నిమిషాలు చురుగ్గా నడిచి చూడండి. నొప్పి లేకపోతే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా పదిసార్లు, రోజు విడిచి రోజు. రెండుసార్లు మర్నాటి మెట్ల పరీక్ష దాటితే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. దూరం, వేగం, ఎత్తు: ఒక వారంలో వీటిలో ఒక్కటే పెంచాలి. మూడూ కలిపి పెంచడమే చాలామంది చేసే పొరపాటు.

అడుగుల సంగతి కూడా చూసుకోండి. కుడికాలు నేలకు తగిలిన ప్రతిసారీ ఒకటి చొప్పున 30 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 39 వస్తే నిమిషానికి 156 అడుగులు. అదే వేగంలో 41 లేదా 42 వచ్చేలా అడుగు కురచ చేయండి. అయిదు నుంచి పది శాతం పెంచితే చాలు, పాదం మరీ ముందుకు చాచి పడదు, చిప్ప మీద భారం తగ్గుతుంది. అందరికీ 180 ఉండాలన్న మాట పట్టుకుని ఒక్కసారే మార్చుకుంటే మోకాలి నొప్పి పోయి పిక్క నొప్పి వస్తుంది.

బలానికి వారానికి మూడు రోజులు చాలు. ఇంటి మెట్టు మీద నిలబడి (15 నుంచి 18 సెంటీమీటర్ల ఎత్తు), నొప్పి ఉన్న కాలి మీద బరువు ఉంచి, రెండో మడమ నేలను తాకేదాకా మూడు సెకన్లలో కిందికి దిగి, మళ్లీ లేవండి. పదేసి చొప్పున మూడు సార్లు. ముందు నుంచి ఫోనులో వీడియో తీసుకోండి. దిగేటప్పుడు మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలుతుంటే మెట్టు ఎత్తు తగ్గించాలి, పిరుదు పక్క కండరం ఇంకా సరిపోలేదన్నమాట. దానికోసం గోడకు వీపు ఆనించి పక్కకు పడుకుని, మడమ గోడను రాసుకుంటూ పోయేలా పైకాలు ఎత్తాలి, 15 చొప్పున మూడు సార్లు. మడమ గోడను వదిలితే ముందు తొడ పని చేస్తుంది, పిరుదు పడుకుంటుంది. మోకాలు కొంచెం వంచి మునివేళ్ల మీద లేవడం ఇంకో 15 చొప్పున మూడు. సులువైపోతే వీపు సంచిలో అయిదు కిలోల బియ్యం వేసుకోండి. పెంచకపోతే ఒళ్లు వంగుతుందే తప్ప బలం రాదు.

మూడో వారానికి నొప్పి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే వీటిని మానేస్తారు. బలం నిలబడాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

అపోహ: పరుగెత్తితే గుజ్జు అరిగిపోతుంది.

టైరులా అరగడానికి గుజ్జు ప్రాణం లేని రబ్బరు కాదు. దానికి రక్తనాళాలు లేవు. నొక్కుడు పడి వదిలినప్పుడల్లా కీలులోని ద్రవం అటూ ఇటూ కదలడమే దానికి ఆహారం. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం, పోటీ స్థాయి వాళ్లలో 13.3 శాతం. పరుగే కాపాడిందని దీన్నిబట్టి చెప్పలేం, కీళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగించి ఉండొచ్చు. వారానికి పాతిక కిలోమీటర్లవాళ్లు భయపడక్కర్లేదనడానికి మాత్రం ఇది చాలు. పాత గాయమో, లిగమెంట్ ఆపరేషనో, ఇప్పటికే ముదిరిన అరుగుదలో ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఆర్థోపెడిక్ డాక్టరుతో మాట్లాడాకే.

అపోహ: ఎమ్మారై తీయిస్తే అసలు సంగతి తేలిపోతుంది.

తేలదు, తరచుగా భయం పెరుగుతుంది. ఏ నొప్పీ, ఏ గాయమూ లేని మోకాళ్లను స్కాన్ చేసిన అధ్యయనాలను 2019లో కలిపి చూస్తే, నలభై దాటినవాళ్లలో సుమారు 43 శాతం మందికి గుజ్జులో లోపం, 19 శాతం మందికి మెనిస్కస్ (కీలు మధ్య మెత్తలా ఉండే ముక్క) చిరుగు కనబడ్డాయి. స్కాన్‌లో చిరుగు ఉంది, నొప్పి ఉంది కాబట్టి చిరుగే నొప్పి అనుకోవడం తొందరపాటు. కింద చెప్పే లక్షణాలుంటే మాత్రం స్కాన్ అవసరమే.

మిగతావి గబగబా. మోకాలు టక్కుమంటే: నొప్పి, వాపు లేని శబ్దం లెక్కలోకి రాదు. మోకాలికి వేసుకునే పట్టీ (నీ క్యాప్): వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది, బలం ఇవ్వదు. ఇసుకలో పరుగు మెత్తగా ఉంటుంది కాబట్టి మంచిదంటారు. పొడి ఇసుక పిక్కలను చంపేస్తుంది, తడి ఇసుక సముద్రం వైపు వాలి ఉంటుంది, వెళ్లినంత దూరం అదే అంచున తిరిగి రాకపోతే ఒక కాలే దెబ్బ తింటుంది. ఫోమ్ రోలర్ (ఒంటి కింద పెట్టి దొర్లించే గట్టి స్పాంజి గొట్టం) ఐటీ బ్యాండ్‌ను సాగదీయలేదు, అది అంత గట్టిది, కాసేపు హాయి మాత్రమే. బెండకాయ నీళ్లతో గుజ్జు పెరగదు. బెండకాయ వేపుడు చేసుకోండి.

ఒక్కదాని దగ్గర ఆగాలి. పరుగుకు ముందు డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర వేసుకోవడం. నొప్పి తెలియక మార్కుల పద్ధతి పనికిరాకుండా పోతుంది, అది చిన్న నష్టం. మన తీరంలో ఉక్కపోతకు ఒంట్లో నీరు పోతున్న సమయంలో ఈ మాత్రలు కిడ్నీలకు రక్తం తగ్గిస్తాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద ప్రమాదం.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా ఉంటే అదే రోజు, అదే గంట. కీలులో ఇన్ఫెక్షన్ అయితే గుజ్జు రోజుల్లో పాడవుతుంది. కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎమర్జెన్సీ అయినా సరే, దగ్గర్లోని పెద్దాసుపత్రి అయినా సరే. కాలు మెలిపడి టప్‌మని, కొన్ని గంటల్లోనే బాగా వాచినా, నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా అంతే. పిక్క ఒకటే వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే మర్దనా చేయించకండి, రక్తం గడ్డ కావచ్చు. దాంతోపాటు ఆయాసమో ఛాతీ నొప్పో ఉంటే 108కి ఫోన్ చేయండి.

మోకాలు మడతలో ఇరుక్కుని చాపలేకపోతే, నడుస్తుంటే జారిపోతున్నట్టు ఉంటే, రాత్రి నిద్రలో నొప్పి లేపుతుంటే, ఎముక మీద ఒకే చోట వేలు పెడితే ఉలిక్కిపడేంత నొప్పి ఉంటే ఆ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి, అప్పటిదాకా పరుగు వద్దు. గజ్జల్లో కూడా నొప్పి ఉండి ఒంటికాలి మీద గెంతలేకపోతే తుంటి ఎముకలో సన్నని చీలిక రావొచ్చు, దాని మీద పరుగెత్తితే విరుగుతుంది. పదేళ్లు దాటిన పిల్లలు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి, నొప్పి మోకాల్లో తెలిసినా తప్పు అక్కడ ఉండొచ్చు.

ఇవేవీ లేకుండా, పైన చెప్పినట్టు తగ్గించి చేసినా ఆరు వారాల్లో మార్పు రాకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి రండి. గత ఆరు వారాల్లో ఏ రోజు ఎంత దూరం, ఏ దారిలో పరుగెత్తారో కాగితం మీద రాసుకురండి. కొత్త బూట్లు కాదు, అరిగిన పాతవి తెండి. నిక్కరు మాత్రం మరిచిపోవద్దు, బిగుతు జీన్స్‌లో వస్తే మోకాలు బయటికి తీయడానికే పది నిమిషాలు పోతాయి.