బోర్డు మీది మూడు అక్షరాలు

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో చర్మవైద్యుల బోర్డును ఒకసారి నిదానంగా చదివితే, పేరు పక్కన ఎం.డి. తరువాత డి.వి.ఎల్. అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. డి అంటే డెర్మటాలజీ, అంటే చర్మశాస్త్రం. వి అంటే వెనిరియాలజీ, లైంగిక సంపర్కంతో సోకే వ్యాధుల శాస్త్రం. ఎల్ అంటే లెప్రసీ, కుష్టు. బోర్డు మీది బొమ్మలు మాత్రం మొదటి అక్షరానికి, అందులోనూ ఒక చిన్న భాగానికి సంబంధించినవే: మెరిసే ముఖం, ఒత్తయిన జుట్టు, లేజర్ యంత్రం. మిగతా రెండు అక్షరాలూ, మొదటి అక్షరంలోని పెద్ద భాగమూ పల్లెల్లో ఉన్నాయి. వాటిని చదవగలిగిన కళ్లలో ఎక్కువ భాగం హైదరాబాద్‌లో ఉన్నాయి. చర్మవైద్యునిగా ఈ రెండు పాత జిల్లాల రోగులను చూస్తున్న నాకు, ఈ వృత్తి గురించి చెప్పవలసిన మాటల్లో ఇదే మొదటిది.

చర్మవైద్యుడు కావాలంటే ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది, ఆపైన నీట్ పీజీలో ర్యాంకు, తరువాత మూడేళ్ల ఎం.డి.; మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకపోతేనే ఎనిమిదిన్నరేళ్లు. రేడియాలజీ, జనరల్ మెడిసిన్‌లతో పాటు ముందు ర్యాంకుల వాళ్లు ఎంచుకునే శాఖ ఇది. అర్ధరాత్రి పిలుపులు తక్కువ, ప్రాణాపాయ స్థితులు అరుదు, కుటుంబానికి సమయం దొరుకుతుంది, సౌందర్య చికిత్సలతో ఆదాయమూ బాగుంటుంది. ఈ కారణాలను నేను తప్పుపట్టను. పదేళ్లు పుస్తకాల మధ్య గడిపిన మనిషి నెమ్మదైన జీవితం కోరుకోవడం నేరం కాదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఎంబీబీఎస్ విద్యార్థి చర్మవ్యాధుల విభాగంలో గడిపేది కొద్ది వారాలే. చివరి పరీక్షలో ఈ విషయం జనరల్ మెడిసిన్‌లో ఒక ముక్కగా వచ్చి పోతుంది. ఆ విద్యార్థే డాక్టరై అచ్చంపేట పక్కనో, దేవరకొండ పక్కనో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నప్పుడు, జ్వరాల తరువాత అతని ముందుకు ఎక్కువగా వచ్చేవి దురదలు, మచ్చలు, పుండ్లే. అందరికంటే ముందు చర్మాన్ని చూసేవారికే చర్మం గురించి అందరికంటే తక్కువ నేర్పుతున్నాం.

పెద్దవారి ఒంటి మీద చర్మం సుమారు రెండు చదరపు మీటర్ల దాకా పరుచుకుని ఉంటుంది. దాని పైపొర దాదాపు నాలుగు వారాలకొకసారి కొత్తదవుతుంది. రోగమంతా కంటికి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఇది తేలికైన వైద్యమని చాలామంది అనుకుంటారు. కనిపించడం వేరు, గుర్తుపట్టడం వేరు. పాత పాఠ్యపుస్తకాల్లోని ఫోటోలు ఎక్కువగా తెల్లవారి చర్మానివి. వాటిలో ఎర్రగా మండుతున్నట్టు కనిపించే మచ్చ మన చామనఛాయ మీద గోధుమరంగులోనో, ఊదా రంగులోనో, ఒక్కోసారి ఉత్త నలుపుగానో ఉంటుంది. చర్మవైద్యుడు మూడేళ్లూ నేర్చుకునేది ముఖ్యంగా ఈ చూపునే: మచ్చ అంచు ఎలా ఉంది, మధ్యలో ఏముంది, పొట్టు పొడిగా రాలుతోందా, జిడ్డుగా అంటుకుని ఉందా, ఒంటికి ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా.

తామరను తీసుకోండి. పొట్టు రాలే అంచును మొద్దు బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొడిని గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి, పలుచని గాజుబిళ్ల కప్పి కొద్ది నిమిషాలు ఆగాలి. ద్రావణం చర్మపు పొట్టును కరిగిస్తుంది, తామరకు కారణమైన శిలీంధ్రాన్ని, అంటే ఫంగస్‌ను, కరిగించలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే కొమ్మలు వేసిన సన్నని దారాలు పొట్టు మధ్యలోంచి సాగిపోతూ కనిపిస్తాయి. ఖర్చు దాదాపు ఏమీ లేని ఈ పరీక్ష పల్లె దాకా చేరలేదు. చేరింది ట్యూబు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే ఆ ట్యూబుల్లో చాలావాటిలో శిలీంధ్రాల మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు క్లోబెటసాల్ వంటి బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, ఎరుపు చల్లారుతుంది; రోగి దృష్టిలో అది మంచి మందు. లోపల జరిగేది వేరు. దురదా, ఎరుపూ శరీరం శిలీంధ్రంతో చేస్తున్న పోరాటపు గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది, శిలీంధ్రం అడ్డులేకుండా పాకుతుంది. గుండ్రని అంచు చెరిగిపోయి, ఇది తామరేనని అనుభవమున్నవారు కూడా ఒక్కచూపులో చెప్పలేని రూపానికి వస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి, సాగినట్టు చారలు పడతాయి. అవి ఇక పోవు. ఇదే ట్యూబును ముఖం తెల్లబడుతుందని నెలల తరబడి రాసుకున్న ఆడపిల్లల ముఖాలు ఎండలోకి వస్తే మండే స్థితికి చేరుకుంటాయి. మందు మానితే మంట ఇంకా పెరుగుతుంది కాబట్టి మానలేరు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నియమం కాగితం మీద స్పష్టంగానే ఉంది. అయినా నా ఓపీకి వచ్చే తామర రోగి సంచిలో సగం వాడిన ట్యూబు లేని రోజు అరుదు.

దీనికి తోడు శిలీంధ్రమే మారింది. మన దేశంలో విస్తరించిన రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫిన్ అనే మందు శిలీంధ్రంలోని ఒక ఎంజైమును అడ్డుకుని దాని పైపొరను కట్టుకోనివ్వకుండా చేస్తుంది; ఈ రకంలో చాలాసార్లు ఆ ఎంజైము జన్యువే మారిపోయి మందు పట్టదు. పాత రోజుల్లో రెండు మూడు వారాల్లో పోయే తామరకు ఇప్పుడు నెలలు పడుతోంది. ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వాడాలి, బట్టలు విడిగా ఉతికి ఎండలో ఆరేయాలి, మొలతాడు తీసేయాలి. ఈ చివరి మాట చెప్పడానికి కొంత ఓర్పు కావాలి. మొలతాడు నమ్మకానికి సంబంధించినది. దాని కింద చెమట పట్టి శిలీంధ్రం దాగి ఉంటుందని, తగ్గాక కొత్తది కట్టుకోవచ్చని విడమర్చి చెబితే ఒప్పుకుంటారు. రోజుకు వందమందిని చూసే డాక్టరుకు అంతసేపు మాట్లాడే వీలు ఎక్కడిది? వైద్యుల సంఖ్య అనే లెక్క చివరికి ఈ నిమిషాల దగ్గరే తేలుతుంది.

పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, ఊరుకాని ఊళ్లలో మేడలు కట్టిన చేతులవి. ఆ చేతులకు వచ్చే జబ్బు కూడా చర్మశాస్త్రంలో పెద్ద అధ్యాయమే. సిమెంటులో నీటిలో కరిగే క్రోమియం కొద్దిపాళ్లలో ఉంటుంది. ఏళ్ల తరబడి తడి సిమెంటు తగిలిన చర్మం ఒకనాడు దానికి తిరగబడుతుంది. వేళ్ల సందులు, మణికట్టు పగిలి, రసికారి, మందమవుతాయి. ఇది క్రోమియం పనేనా అని తేల్చడానికి వీపు మీద చిన్న బిళ్లలో పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం లవణాన్ని అంటించి, రెండు రోజులకు తీసి చూసి, నాలుగో రోజు మళ్లీ చూడాలి. ఆ నాలుగు రోజులూ స్నానం చేయకుండా, పనికి పోకుండా ఉండమని దినకూలీ మీద బతికే మేస్త్రీకి చెప్పడం ఎంత కష్టమో చెప్పినవారికే తెలుస్తుంది. సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఆ క్రోమియం చాలావరకు హాని చేయని రూపంలోకి మారిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2005 జనవరి నుంచి పది లక్షల్లో రెండు భాగాలకు మించిన క్రోమియం ఉన్న సిమెంటును అమ్మనివ్వడం లేదు. అక్కడ ఈ జబ్బు తగ్గింది. వాడపల్లి, మేళ్లచెరువు వైపు ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా వైద్యునిగా ఈ వాక్యం రాస్తూ ఊరుకోలేకపోతున్నాను: ఒక మేస్త్రీకి జీవితకాలం ఇచ్చే ఆయింట్‌మెంట్ కంటే ఆ చిటికెడు ఇనుప లవణం మేలైన వైద్యం. పొలం గట్ల మీది వయ్యారిభామ కూడా ఇలాంటి పనే చేస్తుంది. 1950లలో పుణె దగ్గర గుర్తించిన ఆ కలుపు ఇప్పుడు లేని ఊరు లేదు. దాని ఎండుపొడి గాలిలో ఎగిరి, పడనివారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దద్దుర్లెక్కిపోతాయి.

రెండో అక్షరం గురించి క్లుప్తంగా చెబుతాను. సవాయి అని పెద్దలు పిలిచిన సిఫిలిస్ ఒంటి మీద అనేక చర్మరోగాల వేషం వేస్తుంది కాబట్టే ఈ రెండు శాస్త్రాలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. తొలిదశలో ఒక్క బెంజథైన్ పెనిసిలిన్ మోతాదుతో అది నయమవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఇందుకే ఉన్నాయి. అక్కడికి వచ్చే మనిషికి మందు కంటే ముందు తలుపు మూసి ఉన్న గది కావాలి.

మూడో అక్షరం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. కుష్టు అనగానే పాలమూరు వారు గుర్తు చేసుకోవలసిన మనిషి వనపర్తి సంస్థానపు కోడలు రాణీ కుముదినీ దేవి. హైదరాబాద్ మేయరుగా, వనపర్తి శాసనసభ్యురాలిగా పనిచేసిన ఆమె, అంతకుముందే 1958లో కూకట్‌పల్లిలో కుష్టు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. అప్పటికి మందు అంటే ఒక్క డాప్సోన్; ఏళ్ల తరబడి, కొందరికి జీవితాంతం. 1980లలో రెండు మూడు మందులు కలిపిన చికిత్స వచ్చాక అది క్రమంగా ఆరు నెలలకో, పన్నెండు నెలలకో కుదిరింది. బిళ్లల అట్టలు ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు పోతుంది. 2005 చివరికి మన దేశం పదివేల మందికి ఒక్కరికంటే తక్కువ రోగులున్న స్థితికి చేరింది. దాన్ని ‘నిర్మూలన’ అన్నారు. ఆ మాట మేలు చేసినంత కీడూ చేసింది. జబ్బు పోయిందని నమ్మి వెతకడం తగ్గించాం, కొత్తతరం డాక్టర్లు దాన్ని చూడకుండానే చదువు ముగిస్తున్నారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనివే.

దీన్ని పట్టే పరీక్షకు కావలసింది దూదిపోగు. చర్మం రంగు కంటే కొంచెం పాలిపోయిన మచ్చ, బొల్లి అంత తెల్లన కాదు. రోగిని కళ్లు మూసుకోమని, దూదిని సన్నని పోగులా మెలిపెట్టి, ఒకసారి మంచి చర్మం మీద, ఒకసారి మచ్చ మీద తాకించి, తగిలినచోట వేలు పెట్టమనాలి. తరువాత మోచేతి వెనక ఎముక గాడిలో వేలితో తడమాలి; అక్కడి నరం జబ్బుపడితే లావెక్కి తాడులా వేలి కింద జారుతుంది. రెండూ కలిసి ఐదు నిమిషాలు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు చిటికెన వేలు అప్పటికే వంకర తిరిగింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే, “నొప్పి లేకుండె సారూ, నొప్పి ఉంటే రాకపోదునా” అన్నాడు. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బు.

ఇప్పుడు దారులు కొంత తెరుచుకున్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తుల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఎం.డి. చదివేవారు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలన్న నియమం 2021లో చేరిన బ్యాచ్ నుంచి అమలైంది. కళాశాల బోర్డు ఉన్నంత మాత్రాన విభాగంలో కుర్చీలు నిండవు. హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరంలోనే ఉండడం మాకు వరమూ, శాపమూ. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే డాక్టరు తామరను నయం చేయగలడు గానీ, నరం వాచి రాత్రికి రాత్రి చేయి పడిపోయే కుష్టు రోగికి అందుబాటులో ఉండలేడు.

దూరం నుంచే డాక్టరు సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ ఈ-సంజీవనిలో ఫోటో పంపి సలహా అడిగే పద్ధతి చర్మానికి బాగా నప్పుతుందని అందరూ అంటారు, నిజమే. గజ్జి, శోభి, అక్కి వంటివి చాలావరకు ఫోటోలో పోల్చుకోవచ్చు. అక్కి అయితే మూడు రోజుల్లోపు మాత్రలు మొదలుపెడితే మేలు కాబట్టి, జాజు పూయించుకున్నాక ఆస్పత్రికి వద్దామని ఆగేవారికి ఆ ఫోటో ఎంతో ఉపకారం. కానీ స్పర్శ లేకపోవడం ఫోటోలో పడదు. అందుకే పల్లె దవాఖాన సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే ప్రతిసారీ నేను కెమెరా కంటే ముందు దూది తీస్తాను. మొన్న అమ్రాబాద్ వైపు ఒక పల్లె దవాఖాన నుంచి ఒక యువకుని వీపు మీది మచ్చ ఫోటో వచ్చింది. వెలుతురు చాలక సరిగా కనిపించలేదు. దాని కింద అక్కడి సిస్టర్ ఇలా రాసింది: “కండ్లు మూసుకోమని దూది తాకించిన సార్. మచ్చ మీద నాలుగుసార్లు తాకిస్తే ఒక్కసారే చెప్పిండు. మోచేయి నరం గూడ లావున్నట్టే ఉంది. రేపు పొద్దుగాల బస్సుకు పంపిస్తున్న.”