కార్పెట్ కోసం చూశారు, గాలి సంగతి అడగలేదు

దక్షిణ కొరియాలో హ్యుమిడిఫయర్ (గదిలో గాలికి తేమ పట్టించే పరికరం) నీళ్లలో కలిపే క్రిమినాశిని కేసు మళ్లీ రాజుకుంది. సీఎంఐటీ, ఎంఐటీ రసాయనాలున్న సీసాలు అమ్మిన రెండు కంపెనీల మాజీ అధిపతులకు సియోల్ హైకోర్టు 2024 జనవరిలో నాలుగేళ్ల జైలుశిక్ష వేసింది. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మళ్లీ విచారించమంది. 2011లో గర్భిణులు, బాలింతలు అంతుచిక్కని ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రికి రావడం, దానికి కారణమని తేలిన ఇలాంటి క్రిమినాశినులను బజారు నుంచి తీసేయడం అందరికీ తెలిసినవే. అసలు తప్పు అంతకు చాలా ముందే జరిగింది.

ఈ క్రిమినాశినుల్లో ఎక్కువ మందిని బలిగొన్నది పీహెచ్ఎంజీ అనే మరో రసాయనం. 1996లో దాన్ని ప్రభుత్వ పరిశీలనకు పెట్టినప్పుడు కార్పెట్లలో కలపడానికని చెప్పారు. ఆ వాడకం వరకే చూసి, 1997లో ‘విషపదార్థం కాదు’ అని ప్రకటించారు. ఏ వాడకానికి, ఏ దారిన ఒంట్లోకి వెళితే విషం కాదో ఆ ప్రకటనలో లేదు. పీల్చితే ఏమవుతుందన్న పరీక్షే జరగలేదు. తర్వాత అదే పదార్థం పసిపిల్లల మంచం పక్కనుండే హ్యుమిడిఫయర్ నీళ్లలోకి చేరింది. దారి మారినా ఎవరూ తిరిగి లెక్క వేయలేదు.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. నీళ్లలో ఎంత కలిపారు, గంటకు ఎన్ని నీళ్లు ఆవిరవుతాయి, గది ఎంత పెద్దది, గాలి ఎంత మారుతుంది, మనిషి ఎన్ని గంటలు పీల్చాడు, బరువెంత: ఇవి తెలిస్తే ఒంట్లోకి చేరే మోతాదు సుమారుగా వస్తుంది. చలికాలంలో కిటికీలు మూసి, రాత్రంతా, తలగడ పక్కనే పెట్టుకుంటే ఆ అంకె ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. గది అంతటా గాలి సమానంగా కలుస్తుందని పెట్టుకున్న మోడల్ కూడా ఇక్కడ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే పొగమంచు ముక్కు దగ్గరే చిక్కగా ఉంటుంది. పైగా తుంపర ఆరాక మిగిలే రసాయన కణం చాలా చిన్నది, ఊపిరితిత్తుల్లో లోతుగా ఉండే గాలితిత్తుల దాకా పోతుంది. పసిబిడ్డ తన బరువుకు పెద్దవాళ్లకంటే ఎక్కువ గాలి పీలుస్తుంది.

2024 ఫిబ్రవరిలో సియోల్ హైకోర్టు ఈ పాత పరిశీలన సరిపోదని, అది చాలనట్టు ప్రజలకు చెప్పినందుకు ప్రభుత్వానిదీ బాధ్యతేనని తేల్చింది. జూన్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. బాధితులు ఏళ్లుగా మొత్తుకున్నది ఇదే.

సీఎంఐటీ, ఎంఐటీ వ్యవహారం వేరే మలుపు తీసుకుంది. 1994లో వచ్చిన మొట్టమొదటి సీసాలో ఉన్నవి ఇవే. ఇవి ఊపిరితిత్తులను పాడుచేస్తాయని జంతు పరీక్షల్లో రుజువు కాలేదన్నది కంపెనీల వాదన. 2021లో కింది కోర్టు వాళ్లను నిర్దోషులుగా వదిలింది కూడా. ఆ పరీక్షలు చేసింది ఎలుకల మీద, కొద్దికాలం. ఏళ్ల తరబడి రాత్రుళ్లు పీల్చిన మనుషుల మాట వేరు. 2022లో రేడియోధార్మిక గుర్తు పెట్టిన అదే పదార్థం ఎలుకల ఊపిరితిత్తుల దాకా చేరుతుందని ప్రభుత్వ పరిశోధకులే చూపించారు. అప్పటిదాకా ‘అది ముక్కు దాటి లోపలికి పోదు’ అన్న వాదన ఒక ఊహ మీద నిలబడింది.

డిసెంబర్ తీర్పు మాత్రం ఈ శాస్త్రం జోలికి వెళ్లలేదు. పీహెచ్ఎంజీ కంపెనీలతో కలిపి ఈ సీఎంఐటీ, ఎంఐటీ సీసాల వాళ్లను ఉమ్మడి నేరస్థులుగా చూడటం కుదరదంది. ఇక్కడే నాకు బాధ. ఈ కేసులోని 98 మంది బాధితుల్లో అత్యధికులు రెండు రకాలూ వాడినవాళ్లు. దుకాణంలో ఏ సీసా దొరికితే అది కొన్నారు, అయిపోతే ఇంకోటి తెచ్చారు. వినియోగదారుల జీవితం అలాగే ఉంటుంది. ఊపిరితిత్తులు మాత్రం అన్నీ కలిపే పీల్చాయి. ఒక్కో వస్తువును విడిగా లెక్కగట్టే పద్ధతికి అది పట్టదు, నేరాన్ని విడదీసి చూసే న్యాయానికీ పట్టలేదు.

ఇప్పుడు ప్రభుత్వం గుర్తించిన బాధితులు 5,000 పైచిలుకు. 2017లో వాళ్లను ఆదుకునే ప్రత్యేక చట్టం వచ్చింది, 2020లో వాళ్ల మీది రుజువు భారం కొంత తగ్గించారు. 2019 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో ఇలాంటి క్రిమినాశినులకు ముందుగా అనుమతి తప్పనిసరి. పాత బాధితులకు మాత్రం సీసాలు ఎప్పుడో చెత్తలో కలిశాయి, ఎన్ని గంటలు వాడారో జ్ఞాపకం మీద చెప్పాలి. హైకోర్టు మళ్లీ విచారించేటప్పుడు రెండు సీసాల పీల్పును కలిపి చూస్తుందా, విడదీస్తుందా అన్నదాన్ని బట్టే ఆ కుటుంబాలకు దక్కే న్యాయం ఉంటుంది.