టీబీ మందులు, లివర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మూత్రం ఎర్రగా వస్తోందంటే కామెర్లు వచ్చేసినట్టే.

వాస్తవం: అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు. మాత్రలు వేసుకున్న కొద్ది గంటలకే మూత్రం నారింజ రంగుకు తిరుగుతుంది. చూడాల్సింది కంటి తెల్లగుడ్డు. పగటి వెలుతురులో కింది రెప్ప లాగి చూడండి, ట్యూబ్‌లైట్ కింద పసుపు సరిగా కనబడదు. కళ్లు పచ్చబడకముందే కొందరికి ఆకలి చచ్చిపోతుంది, అన్నం వాసనకే వాంతి వస్తుంది, కుడి డొక్కలో నొప్పి మొదలవుతుంది. వీటిలో ఏది కనిపించినా తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లి ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. మొదటి రెండు నెలలు మరీ జాగ్రత్త.

అపోహ: ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కాస్త పెరిగినా మందులు ఆపేయాలి.

వాస్తవం: ల్యాబ్ గరిష్ఠ పరిమితి 40 అనుకుందాం. ఏ బాధా లేకుండా 80 వచ్చిందా, మందులు కొనసాగిస్తూ మళ్లీ పరీక్ష చేస్తాం. బాధలుండి 120 దాటినా, బాధల్లేకున్నా 200 దాటినా, బిలిరుబిన్ (కామెర్లలో పసుపు తెచ్చే పదార్థం) పెరిగినా ఆపేస్తాం.

అపోహ: మాత్రల సంఖ్య తగ్గించుకుంటే లివర్‌కు భారం తగ్గుతుంది.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదం. ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మి.గ్రా. ఉంటాయి. లివర్‌ను దెబ్బతీసేవి మొదటి మూడే. 35-49 కిలోల మనిషికి రోజుకు 3 మాత్రలు. రెండే వేసుకుంటే నాలుగు మందులూ తగ్గుతాయి, దెబ్బ తిన్న లివర్ మాత్రం కోలుకోదు, క్రిమి మొండికేస్తుంది. ఆపాల్సి వస్తే అన్నీ ఆపాలి. ఎస్‌జీపీటీ 80 లోపుకు దిగాక మందులను విడివిడిగా మొదలుపెడతాం: ముందు రిఫాంపిసిన్, కొన్ని రోజులాగి రక్తపరీక్ష చూసుకుని ఐసోనియాజిడ్. పైరజినమైడ్‌ను చాలాసార్లు పూర్తిగా వదిలేస్తాం, అప్పుడు కోర్సు 9 నెలలకు పెరుగుతుంది.

అపోహ: పసరు మందో, లివర్ టానిక్కో తాగితే సరి.

వాస్తవం: నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు పోతుంది. ఇక్కడ కారణం మీరు రోజూ మింగే మాత్రే. పసరు తాగుతూ అవే మాత్రలు కొనసాగిస్తే లివర్ చెడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. టీబీ మందులతో ఇచ్చే బి6 మాత్ర నరాల కోసం, లివర్ కోసం కాదు.

అపోహ: కల్లు మద్యం కాదు కదా!

వాస్తవం: కల్లులోనూ ఆల్కహాలే. కోర్సు పూర్తయ్యేదాకా వద్దు. జ్వరమొస్తే పారాసెటమాల్ 500 మి.గ్రా. మాత్రలు రోజుకు నాలుగు మించకూడదు, జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.