కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేయడం: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ దగ్గరపడుతోందంటే నాకు వీడియోలు రావడం మొదలవుతుంది. పంపేది మా మేనల్లుడు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడతాడు. "మావయ్యా, బంతి 65 యార్డులు పోయింది, చూశావా?" అంటాడు. చూస్తాను. బంతి నిజంగానే అంత దూరం పోతుంది. నేను అడిగేది మాత్రం ఏటా ఒక్కటే: "ఎదురుగా ఎవరున్నార్రా?"

ఆ ఆటలో బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ల ఫిల్మ్ చూసి గ్రేడ్లు రాయడం నా పని. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ తెలియనివాళ్లకు రెండు మాటలు. 32 జట్లు, ఏడు రౌండ్లు, కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం. ఐపీఎల్ వేలంలా పాట పాడుకోవడం ఉండదు, వంతు రాగానే ఒక పేరు చెప్పాలి, ఆ ఎంపికే పిక్. ఆ పేరు క్వార్టర్‌బ్యాక్‌దైతే నాలుగైదేళ్ల పాటు జట్టు జాతకం అతని చేతిలో పెట్టినట్టే.

అపోహ: చెయ్యి బలంగా ఉంటే చాలు, మిగతావి నేర్పించుకోవచ్చు.

2007లో రైడర్స్ మొదటి పిక్‌తో జమార్కస్ రస్సెల్‌ను తీసుకున్నారు. అలాంటి చెయ్యి అరుదు. మూడు సీజన్లలో కథ ముగిసింది. 2021లో జాక్ విల్సన్ తన ప్రో డే (జట్ల స్కౌట్ల ముందు చేసే ప్రదర్శన) నాడు పరిగెడుతూనే ఒళ్లు తిప్పి విసిరిన ఒక్క లాంగ్ బాల్ అమెరికా అంతా చక్కర్లు కొట్టింది. జెట్స్ రెండో పిక్ పెట్టారు. అక్కడా మూడు సీజన్లే. ప్రో డే అంటే సొంత మైదానం, సొంత రిసీవర్లు (బంతి అందుకునేవాళ్లు), ముందే రాసుకున్న స్క్రిప్టు, అడ్డొచ్చే డిఫెండర్ ఒక్కడూ ఉండడు. నెట్స్‌లో త్రోడౌన్లకు సిక్సర్లు కొట్టినట్టన్నమాట.

నేను ఒక ప్లేను మొదటిసారి చూసేటప్పుడు బంతిని చూడను. మైదానంలోని 22 మందీ ఒకేసారి కనిపించే ఫిల్మ్ ఉంటుంది, ఆల్-22 అంటాం. అందులో థర్డ్ డౌన్ (పది యార్డులకు ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా ఎనిమిది యార్డులు కావాలనుకోండి. స్నాప్‌కి (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వచ్చే క్షణానికి) ముందు వెనకాల ఇద్దరు సేఫ్టీలు, అంటే డిఫెన్స్‌లో అందరికన్నా వెనక ఉండేవాళ్లు, నిలబడి ఉన్నారు. స్నాప్ కాగానే ఒకడు ముందుకు దూకాడు, రెండోవాడు మధ్యలోకి జరిగాడు. అంటే కుర్రాడు అంతకుముందు తలలో వేసుకున్న లెక్క తప్పింది. అక్కడ వీడియో ఆపుతాను. హెల్మెట్ ఎటు తిరిగి ఉంది? వెనక్కి అడుగులేసి ఆగే లోపు చూపు రెండో రిసీవర్ మీదకు వెళ్లిందా? ఆ రిసీవర్ ఇంకా తల తిప్పకముందే బంతి చేతిలోంచి వెళ్లిపోయిందా? లేక చూపు కిందికి దిగి, మీదకొస్తున్నవాళ్ల మీద పడిందా? ఇదంతా సుమారు రెండున్నర సెకన్ల వ్యవహారం. పాస్ నేలపాలైనా నా దగ్గర మంచి మార్కు పడొచ్చు. టచ్‌డౌన్ అయినా సున్నా పడొచ్చు.

అపోహ: కాలేజీలో పూర్తయిన పాస్‌ల శాతం ఎక్కువుంటే గురి బాగున్నట్టే.

ముందు మైదానం కొలత చూడండి. ప్రతి ప్లేకీ బంతిని పెట్టే చోటుకు హద్దులు హ్యాష్ గీతలు. కాలేజీలో ఆ రెండు గీతల మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు మాత్రం రెండుచోట్లా 160 అడుగులే. అంటే కాలేజీలో బంతి హ్యాష్ మీద పెడితే ఒక సైడ్‌లైన్ 60 అడుగుల్లో ఉంటుంది, అవతలిది 100 అడుగుల్లో. దగ్గరి వైపుకి విసురుతూ, మధ్యలో స్క్రీన్ పాస్‌లు (దగ్గర్లోనే అందించే తేలిక పాస్‌లు) కలుపుకుంటూ పోతే శాతం దానంతటదే పెరుగుతుంది. అందుకే అవతలి సైడ్‌లైన్‌కి విసిరిన అవుట్ రూట్లను (రిసీవర్ సైడ్‌లైన్ వైపు మలుపు తిరిగేవి) నేను వేరే లెక్క రాసుకుంటాను. కొందరి విషయంలో సీజన్ మొత్తం వెతికినా చేతివేళ్లకు సరిపడా దొరకవు.

దీనికి తిరగేసిన అపోహ ఒకటుంది, అది ఇంకా ప్రమాదం: "జోష్ అలెన్‌కీ శాతం తక్కువే కదా!" నిజమే. వయోమింగ్ కాలేజీలో అతనిది 56 శాతం, ఎన్ఎఫ్ఎల్ మొదటి ఏడాది 52.8. 2020కల్లా 69.2కి వెళ్లింది, 2024లో ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. కానీ అలెన్ మినహాయింపు. అతని పేరు అడ్డం పెట్టి ప్రతి డ్రాఫ్ట్‌లో గురి లేని ఒక కుర్రాణ్ణి అంటగట్టాలని చూసేవాళ్లుంటారు. 2023లో కోల్ట్స్ నాలుగో పిక్‌తో తీసుకున్న ఆంథొనీ రిచర్డ్‌సన్ కాలేజీలో 13 మ్యాచ్‌లే స్టార్ట్ చేశాడు. 2024లో అతని శాతం 47.7.

అపోహ: పొట్టివాళ్లు, చిన్న చేతులవాళ్లు, నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు పనికిరారు.

జో బరో అరచేయి కొలత 9 అంగుళాలని తేలినప్పుడు పెద్ద గోల అయింది. ఇక రిటైరైపోతానని అతనే ట్విటర్‌లో జోకేశాడు. 40 యార్డుల పరుగు 5.28 సెకన్లలో తీసిన టామ్ బ్రేడీ 2000లో 199వ పిక్. ఆరడుగులు లేని రసెల్ విల్సన్ రెండో సీజన్‌లోనే లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. నన్నడిగితే ఎత్తు కన్నా బరువు గురించే ఎక్కువ ఆలోచిస్తాను. 120 కిలోలు దాటినవాళ్లు వచ్చి మీద పడే ఆట ఇది.

అపోహ: పరీక్షలో మార్కులు వస్తే మైదానంలో బుర్ర పనిచేస్తుంది.

మన ఎంసెట్ ర్యాంకుల పిచ్చికి ఇది దూరపు చుట్టం. వండర్లిక్ అనే పరీక్షలో 12 నిమిషాల్లో 50 ప్రశ్నలుండేవి. 2022లో దాన్ని డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే కంబైన్‌లోంచి తీసేశారు. 2023లో సీజే స్ట్రౌడ్‌కు మరో పరీక్షలో చాలా తక్కువ మార్కులొచ్చాయని డ్రాఫ్ట్‌కి ముందు వార్తలు గుప్పుమన్నాయి. అతను రెండో పిక్‌గా వెళ్లి ఆ ఏడాదే అఫెన్స్‌లో ఉత్తమ రూకీ (తొలి ఏడాది ఆటగాడు) అయ్యాడు. ఇంటర్వ్యూలో బోర్డు మీద ఒక కొత్త ప్లే గీసి వివరించి, చెరిపేసి, పావుగంట వాళ్ల ఊరి సంగతులు మాట్లాడి, "ఇందాకటిది మళ్లీ గియ్యి" అంటే చాలా విషయాలు బయటపడతాయి.

అపోహ: మంచి ఆటగాడు ఏ జట్టుకెళ్లినా రాణిస్తాడు.

ప్యాట్రిక్ మహోమ్స్‌ను 2017లో చీఫ్స్ పదో పిక్‌తో తీసుకుని, అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టి, ఆ సీజన్‌లో ఒక్క మ్యాచే ఆడించారు. శామ్ డార్నల్డ్ 2018లో జెట్స్ మూడో పిక్. అందరూ వదిలేశారనుకున్నాక 2024లో మిన్నసోటాను 14 మ్యాచ్‌లు గెలిపించాడు. కుర్రాడి గ్రేడ్ పక్కన వెళ్లే జట్టు గ్రేడ్ కూడా రాయనిస్తే మా తప్పులు సగానికి తగ్గేవేమో.

అపోహ: శాక్‌లు అఫెన్సివ్ లైన్ చేతగానితనం.

బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొడితే శాక్, అతనికి కాపుగా ముందు నిలబడేది అఫెన్సివ్ లైన్. ఇక్కడ నేను దెబ్బతిన్నాను. ఒక కుర్రాడి గురించి "ఒత్తిడొస్తే బంతి వదలడు" అని రాసుకుని, పాపం లైన్ బలహీనం కదా అని నేనే కొట్టేసి గ్రేడ్ పెంచాను. నిజంగా బలహీనమే. కానీ ఆ అలవాటు వాడితోపాటే పై లీగ్‌కీ వెళ్లింది. అక్కడ లైన్ మెరుగే, అయినా శాక్‌లు తగ్గలేదు. ఒత్తిడి తేవడం డిఫెన్స్ పని కావచ్చు, ఆ ఒత్తిడి శాక్‌గా మారడంలో ఎక్కువ భాగం క్వార్టర్‌బ్యాక్‌దే. అప్పట్నుంచి శాక్‌లకు విడిగా ఒక షీట్ పెట్టుకున్నాను. ఒక్కోదాని పక్కన స్టాప్‌వాచ్ టైమ్, ఆ క్షణంలో ఖాళీగా ఉన్న రిసీవర్ నంబర్. మూడు సెకన్లు దాటి, నంబర్ గడి నిండి ఉంటే దాన్ని లైన్ ఖాతాలో రాయను.