కొండెక్కే పెద్దవాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో ఇన్సూరెన్స్ పని నాది. ఈ మధ్య అరవై దాటినవాళ్లు ట్రెక్కింగ్ పాలసీల కోసం ఎక్కువగా వస్తున్నారు. రిటైరైన మాస్టార్లు, చెరువుల పని కొడుక్కి అప్పగించేసిన రైతులు, వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు. ఒకరిది నేపాల్‌లో ముక్తినాథ్, ఒకరిది ఎవరెస్ట్ బేస్ క్యాంప్, ఒకరిది కైలాస పరిక్రమ. "ఎంతలో వస్తుందండీ?" అని అడుగుతారు. "ఎంత ఎత్తుకి వెళ్తున్నారండీ?" అని నేను ఎదురు అడుగుతాను. ప్రీమియం సంగతి ఆ తర్వాతే.

అపోహ: పాలసీ ఉంటే చాలు, ఆపదలో హెలికాప్టర్ దానంతట అదే వస్తుంది.

మన లంకల వాళ్లకి ఇలా అనిపించడం సహజమే. గోదావరి పొంగితే ప్రభుత్వం పడవలు పంపుతుంది, మరీ పెద్ద వరదైతే హెలికాప్టర్లూ దింపుతుంది. ఎవరూ బిల్లు చేతిలో పెట్టరు. నేపాల్ కొండల్లో అలా కుదరదు. అక్కడ రెస్క్యూకి వచ్చేవి చాలావరకు ప్రైవేటు కంపెనీల హెలికాప్టర్లు. డబ్బు ఎవరిస్తారో తేలాకే బయల్దేరతాయి.

ఆ హామీ ఇవ్వాల్సింది మీ పాలసీ వెనకున్న అసిస్టెన్స్ సెంటర్, అంటే ఆపదలో బీమా కంపెనీ తరఫున సాయం ఏర్పాటు చేసే ఆఫీసు. మీ గైడ్ వాళ్లకి ఫోన్ చేయాలి. పాలసీ నంబరు, మీరున్న చోటు, మీ పరిస్థితి చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే హెలికాప్టర్ కదులుతుంది. చెప్పకుండా ఎక్కేస్తే ముందు మీ జేబులోంచే కట్టాలి, తర్వాత క్లెయిమ్‌లో సవాలక్ష ప్రశ్నలు. అందుకే ఆ నంబరు మీ ఫోన్లో ఒక్కదాంట్లో ఉంటే సరిపోదు. గైడ్ దగ్గరా, తోటివాళ్ల దగ్గరా ఉండాలి. ఊపిరాడని మనిషి ఫోన్ మాట్లాడలేడు కదా. ఇంకో సంగతి: ఇక్కడి టోల్‌ఫ్రీ నంబర్లు బయటి దేశం నుంచి కలవకపోవచ్చు, విదేశాల నుంచి చేయడానికి ఇచ్చిన నంబరే రాసుకోండి. ఇంత చేసినా రాత్రిపూటా, మబ్బు కమ్మినప్పుడూ హెలికాప్టర్ రాదు. అది ఏ పాలసీ చేతిలోనూ లేదు.

గైడ్ తొందరపెట్టాడని చిన్న తలనొప్పికే ఎక్కేయకండి. అవసరం లేకపోయినా ట్రెక్కర్లను హెలికాప్టర్ ఎక్కించి బిల్లులు దండుకునే దందా మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. అప్పటినుంచి బీమా కంపెనీలు ఈ క్లెయిములను భూతద్దం పెట్టి చూస్తున్నాయి.

అపోహ: ట్రెక్కింగ్ అంటే నడకే కదా, ఏ పాలసీ అయినా ఒకటే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కొన్ని పాలసీల్లో ట్రెక్కింగ్ అడ్వెంచర్ స్పోర్ట్స్ కింద మినహాయింపుల్లో ఉంటుంది. కొన్నింటిలో అదనంగా కడితే కవర్ ఇస్తారు, అదీ ఫలానా ఎత్తు వరకే. ఎవరెస్ట్ దారిలో నడక మొదలయ్యే లుక్లా సుమారు 2,860 మీటర్లు, మధ్యలో వచ్చే నామ్చే 3,440, బేస్ క్యాంప్ 5,364. మీ పాలసీ 4,500 దగ్గర ఆగిపోతే, ప్రమాదం ఎక్కువగా ఉండే ఆఖరి రోజులకే బీమా లేనట్టు. ఇక్కడ వయసు మెలిక కూడా ఉంది. అసలు పాలసీ డెబ్బై దాటినవాళ్లకి ఇచ్చే కంపెనీ, ట్రెక్కింగ్ కవర్ మాత్రం ఆ వయసుకి ఇవ్వకపోవచ్చు. పాలసీ వచ్చింది కాబట్టి అన్నీ వచ్చాయనుకోవద్దు.

"నా వయసు ఇంత, ఫలానా ఎత్తు వరకు నడిచి వెళ్తున్నాను, అక్కడ ఎత్తు వల్ల జబ్బు చేస్తే హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా?" అని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. జవాబు ప్రింట్ తీసుకోండి. ఏజెంట్ నోటిమాట చెల్లదు. నేనూ ఏజెంట్‌నే, నా మాటా చెల్లదు.

అపోహ: బీపీ, షుగర్ రాస్తే పాలసీ ఇవ్వరు. రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?

తెలుస్తుంది. ఖాట్మండూ ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగేదే "ఏమేం మందులు వాడుతున్నారు?" అని. భయంలో ఉన్న మనిషి నిజమే చెబుతాడు. అది డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది, ఆ కాగితం నేరుగా క్లెయిమ్ ఫైల్లోకి వెళ్తుంది. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. నాన్న గుండెకి స్టెంట్ వేశారని తెలుసు, రోజూ వేసుకునే మాత్రలేమిటో తెలియదు. అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టేస్తారు.

రాస్తే ప్రీమియం పెరగొచ్చు. పాత జబ్బుకి ప్రాణాపాయ పరిస్థితిలోనే, ఒక పరిమితి వరకే ఇస్తామనీ అనొచ్చు. అయినా రాయండి. లేకపోతే కాలు విరిగిన క్లెయిమ్‌ని కూడా దాచిన బీపీ పేరు చెప్పి సాగదీస్తారు.

అపోహ: రోజూ ఏటిగట్టు మీద పది కిలోమీటర్లు నడుస్తాను, నాకేం కాదు.

మంచిదే, మోకాళ్లకి పనికొస్తుంది. కానీ మన డెల్టా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. సుమారు 2,500 మీటర్లు దాటాక ఆక్సిజన్ చాలక వచ్చే జబ్బుకి నడక అలవాటు అడ్డు కాదు, గట్టి మనిషికీ వస్తుంది. 3,000 మీటర్లు దాటాక ఏ రాత్రి పడుకునే చోటూ అంతకుముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. టూర్ ప్లాన్ ఈ లెక్కకి సరిపోకపోతే నేను పాలసీ కంటే ముందు టూరే మార్చుకోమంటాను.

అపోహ: సమ్ ఇన్సూర్డ్ (కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత పెద్దదైతే అంత మంచిది.

పాలసీ లోపలి పరిమితులు చూడండి. మొత్తం పెద్దగా ఉండి, ఎవాక్యుయేషన్‌కి, అంటే జబ్బుపడిన మనిషిని అక్కణ్నుంచి తరలించడానికి, మాత్రం విడిగా చిన్న పరిమితి ఉండొచ్చు. తప్పిపోయిన మనిషిని వెతికే ఖర్చు వేరు, దొరికాక ఆసుపత్రికి చేర్చే ఖర్చు వేరు. మొదటిది చాలా పాలసీల్లో ఉండదు. ఎవాక్యుయేషన్ అంటే సాధారణంగా తగిన వైద్యం దొరికే దగ్గరి ఆసుపత్రి వరకే. అక్కణ్నుంచి రాజమండ్రి తీసుకురావడం మళ్లీ ఇంకో క్లాజు.

ఇంట్లో ఉన్న మామూలు హెల్త్ పాలసీ చాలావరకు మన దేశంలోనే చెల్లుతుంది. అందులో ఎయిర్ అంబులెన్స్ అని రాసి ఉన్నా, కొండ మీద నుంచి దించడానికి కాదేమో చూసుకోవాలి. కేదార్‌నాథ్‌కి విదేశీ ట్రావెల్ పాలసీ పనికిరాదు, దేశంలో ప్రయాణాలకి వేరేగా ఉంటాయి. ఇక విదేశీ పాలసీని ఇక్కడ బయల్దేరక ముందే తీసుకోవాలి.

కైలాసం వెళ్లేవాళ్లకి ఒక్కటి గట్టిగా చెబుతాను. పరిక్రమలో డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటి ఉంటుంది, అది టిబెట్. నేపాల్ హెలికాప్టర్ సరిహద్దు దాటి అక్కడికి రాదు. జబ్బుపడినవారిని బండిలో సరిహద్దు దాకా తెచ్చి, నేపాల్ సరిహద్దు ఊరైన హిల్సా వైపు నుంచి ఎక్కించాలి. కాబట్టి పాలసీలో నేపాల్‌తో పాటు చైనా కూడా ఉందా, రోడ్డు మీద తరలింపుకి డబ్బిస్తారా అన్నది చూడండి.

క్లెయిమ్ తిరగ్గొడితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. మన జిల్లాలతో పాటు యానాం కూడా ఆ కార్యాలయం కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.