నేల గురించి హైదరాబాద్‌లో నేను రోజూ వినే అపోహలు: భూకంపాలు, బోర్లు, ప్రభుత్వ ల్యాబులు

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు దాటింది. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ముందు వంటింటి కిటికీ అద్దం సన్నగా టకటకలాడింది. నేను కదలకుండా నిలబడి మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఇరవై దాటాక హాల్లో ఫ్యాన్ మెల్లగా ఊగింది. అప్పుడే మా ఆవిడతో అన్నాను, "ఇది మనూళ్ళో పుట్టింది కాదు, దూరంగా ఎక్కడో గట్టిగానే వచ్చింది" అని. పావుగంటలో తెలిసింది: ములుగు జిల్లాలో, తీవ్రత 5.3.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఒకటే మోత. "రాత్రికి ఇంకా పెద్దది వస్తుందట", "మీ ల్యాబ్ వాళ్ళకి ముందే తెలుసట కదా సార్", "మనది రాతి నేల, మనకేం భయం లేదు". ప్రభుత్వ భూభౌతిక ప్రయోగశాలలో పాతికేళ్ళకు పైగా పనిచేస్తున్నవాణ్ణి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాద్దామని కూర్చున్నాను.

అపోహ: దక్కన్ పీఠభూమి గట్టి రాయి. ఇక్కడ భూకంపం రాదు.

ఒకప్పుడు చదువుకున్నవాళ్ళూ ఇలాగే నమ్మారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, నాలుగు గంటలవుతుండగా, మహారాష్ట్రలోని లాతూరు దగ్గర కిల్లారి ఊరు కూలిపోయింది. ముందు రాత్రి గణేశ్ నిమజ్జనం. ఊళ్ళన్నీ ఆలస్యంగా పడుకుని గాఢ నిద్రలో ఉన్నాయి. దాదాపు 10,000 మంది చనిపోయారు. తీవ్రత 6.2 మాత్రమే. అంత ప్రాణనష్టానికి కారణం రాళ్ళూ మట్టీ పేర్చి కట్టిన బరువైన గోడలు, వాటి మీద మందపాటి మట్టి కప్పులు. కిల్లారి మనకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ రాత్రి హైదరాబాద్‌లోనూ మంచాలు కదిలాయి.

తర్వాత అక్కడ 617 మీటర్ల లోతుకు తవ్వి రాయిని బయటికి తీశారు. పైన 338 మీటర్లు నల్లరాయి, అంటే ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి లావా. దాని కింద దానికంటే ఎన్నో రెట్లు పాతదైన మూలశిల. బయటికి చదునుగా, నిశ్చలంగా కనిపించే నేల కింద పాత పగుళ్ళు దాగి ఉండవచ్చని కిల్లారి నేర్పింది. అందుకే 2002లో దేశ భూకంప పటాన్ని సవరించినప్పుడు అన్నింటికంటే తక్కువ ప్రమాదమని గుర్తించిన జోన్ 1ని పూర్తిగా తీసేశారు. ప్రమాదం అసలే లేని చోటు ఈ దేశంలో లేదని దానర్థం.

మన పక్కనే చూసుకున్నా 1967లో ఒంగోలు, 1969 ఏప్రిల్‌లో 5.7 తీవ్రతతో భద్రాచలం, 1983లో మేడ్చల్. ములుగు, భద్రాచలం రెండూ గోదావరి లోయలోవే. కోట్ల ఏళ్ళ క్రితం నేల చీలి దిగబడిన చోటు అది. అలాగని హైదరాబాద్ ప్రమాదపుటంచున ఉందని నేననడం లేదు. ఆ 2002 పటంలో మనది జోన్ 2, అంటే తక్కువ ప్రమాదం. కానీ తక్కువ అంటే సున్నా కాదు. కింద స్తంభాలు మాత్రమే ఉండి, గోడ ఒక్కటీ లేకుండా పార్కింగ్‌కు వదిలేసి, పైన ఐదంతస్తులు వేసిన భవనాలు మన కాలనీల్లో వీధి పొడవునా ఉన్నాయి. 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. నన్ను భయపెట్టేది నేల కాదు, ఆ స్తంభాలు.

ఇక నేను లెక్కపెట్టిన అంకెల సంగతి. భూకంపం పుట్టగానే రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. మొదటిది సెకనుకు ఆరు కిలోమీటర్ల చొప్పున వస్తుంది, అద్దాలు టకటకలాడేది దానికే. రెండోది మూడున్నర కిలోమీటర్ల వేగంతో వెనకాల వస్తుంది, ఊపేది అదే. రెండింటి మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే దూరం వస్తుంది. ఆ రోజు దాదాపు పాతిక సెకన్లు, అంటే 200 కిలోమీటర్లు. మా యంత్రాలు కూడా మొదట చేసే లెక్క ఇదే. కాకపోతే ఒక చోటి నుంచి కాకుండా పది చోట్ల నుంచి చేస్తాయి.

అపోహ: శాస్త్రవేత్తలకు తేదీ ముందే తెలుసు. జనం భయపడతారని దాస్తారు.

నన్ను అన్నింటికంటే బాధపెట్టే మాట ఇది. మా ఇళ్ళూ ఈ ఊళ్ళోనే ఉన్నాయి, మా పిల్లలూ ఈ బడుల్లోనే చదువుతున్నారు. ఇంత వరకు ప్రపంచంలో ఏ దేశమూ రోజూ, చోటూ, తీవ్రతా నమ్మకంగా ముందే చెప్పే పద్ధతి కనుక్కోలేదు. 1975 ఫిబ్రవరిలో చైనా వాళ్ళు హైచెంగ్ ఊరిని ముందే ఖాళీ చేయించి వేలమందిని కాపాడారు. దానికి ముందు వరసగా చిన్న కంపనలు వచ్చాయి, అవి దారి చూపాయి. ప్రపంచమంతా ఇక రహస్యం దొరికిందనుకుంది. ఏడాదిన్నర తిరగకముందే, 1976 జూలై 28న, అదే చైనాలో తాంగ్‌షాన్ నగరం చెప్పాపెట్టకుండా కూలింది. రెండు లక్షల నలభై వేల మందికి పైగా పోయారు. అన్ని భూకంపాలూ ముందుగా కబురు పంపవు.

మేం చెప్పగలిగింది వేరు. ఏ ప్రాంతంలో ఎంత పెద్దది రావచ్చు, వస్తే ఏ నేల ఎంత ఊగుతుంది, ఆ లెక్కన కట్టడం ఎలా ఉండాలి అన్నవి చెప్పగలం. వచ్చాక ఎక్కడ, ఎంత అన్నది నిమిషాల్లో చెప్పగలం. తేదీ, టైముతో సహా వచ్చే ఫార్వర్డ్ ఏదైనా సరే, ఎవరి పేరు మీద వచ్చినా సరే, అబద్ధమే. ఇంకొకరికి పంపకండి.

అపోహ: చిన్న చిన్నవి వస్తుంటే మంచిదే, ఒత్తిడి బయటికి పోతుంది.

వినడానికి బాగుంటుంది కానీ లెక్కకు నిలవదు. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది, రెండు పెరిగితే వెయ్యి రెట్లు. తీవ్రత 6 ఉన్న ఒక్క భూకంపంలో ఉండే శక్తి బయటికి పోవాలంటే తీవ్రత 1 ఉన్నవి మూడు కోట్లకు పైగా రావాలి.

2020 అక్టోబరులో బోరబండ వాళ్ళు భూమిలోంచి పేలుళ్ళలాంటి చప్పుళ్ళు వస్తున్నాయని రాత్రిళ్ళు వీధుల్లో గడిపారు. అవి చాలా చిన్నవి, కానీ కాళ్ళ కిందే, తక్కువ లోతులో పుట్టాయి కాబట్టి శబ్దం పెద్దగా వినిపించింది. భారీ వర్షాల తర్వాత రాతి పగుళ్ళలోకి నీరు దిగి, అక్కడి గాలినీ ఒత్తిడినీ కదిలించినప్పుడు ఇలా జరుగుతుంది. ఇవి పెద్ద భూకంపానికి సూచనా కాదు, దాన్ని ఆపే మందూ కాదు.

నీటికీ భూకంపానికీ సంబంధం మాత్రం నిజం. మహారాష్ట్రలోని కోయనా జలాశయం నిండడం మొదలయ్యాక చుట్టుపక్కల కంపనలు మొదలయ్యాయి, 1967 డిసెంబరులో 6.3 తీవ్రతతో పెద్దది వచ్చింది. దశాబ్దాలు గడిచినా అక్కడ కంపనలు ఆగలేదు. అందుకే మూడు కిలోమీటర్ల లోతుకు బోరు దించి మరీ లోపలి రాయిని పరిశీలించారు. కానీ ఆనకట్ట కట్టిన ప్రతి చోటా ఇలా జరగదు. పగులు అప్పటికే జారడానికి సిద్ధంగా ఉంటేనే నీటి ఒత్తిడి దాన్ని కాస్త ముందుకు నెడుతుంది.

అపోహ: బోరు ఎంత లోతుకు వేస్తే అంత నీరు.

దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు, ఎందుకంటే ఇందులో రైతుల అప్పులు ఉన్నాయి.

నల్లగొండ వైపు ఒక పత్తి చేనులో మేం రెసిస్టివిటీ సర్వే చేస్తున్నాం, అంటే కరెంటును నేల ఎంత అడ్డుకుంటుందో కొలుస్తున్నాం. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా సుత్తితో దిగ్గొట్టి, నేల ఎండిపోయి ఉంది కాబట్టి వాటి మొదళ్ళ దగ్గర ఉప్పునీళ్ళు పోసి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. కడ్డీల ఎడం పెంచుకుంటూ పోతే కొలత లోతుకు వెళ్తుంది. తడి మొరంలో అంకె పదుల్లో, వందల్లో ఉంటుంది. గట్టి రాయి వచ్చిందంటే వేలల్లోకి ఎగురుతుంది. గట్టు మీద కూర్చుని చూస్తున్న పెద్దాయన లేచి వచ్చి అడిగాడు, "సారూ, ఏడు బోర్లు ఏసిన. ఏడిట్లనూ దుమ్మే లేసింది. ఆఖరిది తొమ్మిది నూర్ల ఫీట్లు పోయినం. ఇంక ఎంత కిందికి పోవాలె చెప్పుండ్రి?"

కిందికి పోవాల్సిన పని లేదని ఆయనకు చెప్పడం చాలా కష్టమైంది. హైదరాబాద్, రంగారెడ్డి, నల్లగొండల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. గోల్కొండ కొండ, మౌలాలి గుట్ట ఆ రాయే. ఆ రాతిలో ఇసుకలో ఉన్నట్టు ఖాళీలు ఉండవు. పైన మట్టి, దాని కింద మొరం, దాని కింద నెర్రెలిచ్చిన రాయి, ఆ తర్వాత అతుకు లేని బండ. నీరు నిలిచేది మధ్య రెండు పొరల్లోనే. మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రాన్స్ సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఏళ్ళ తరబడి బావులు కొలిచి చెప్పింది ఇదే: లోతుకు పోయేకొద్దీ నెర్రెలు తగ్గిపోతాయి. వెయ్యి అడుగుల బోరులో అప్పుడప్పుడు నీళ్ళు పడేమాట నిజమే, ఎక్కడో ఒక పగులు దొరుకుతుంది. కానీ అందులో ఉన్నది ఎప్పటి నుంచో చేరిన నీరు. తోడుకుంటే మళ్ళీ చేరడానికి దారి ఉండదు. పైగా లోతు నీరు రాయితో ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి చాలా చోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ళకూ ఎముకలకూ ఏమవుతుందో నల్లగొండ వాళ్ళకు నేను చెప్పాల్సింది లేదు.

కొబ్బరికాయ అరచేతిలో నిలబడిందని, వేపపుల్ల తిరిగిందని పాయింటు పెట్టేవాళ్ళను నేను మోసగాళ్ళని అనను. చాలామంది మనస్ఫూర్తిగా నమ్మే చేస్తారు. వాళ్ళకు చెట్టు, వాలు, పుట్ట చూసి నేల పోలిక పట్టే అనుభవమూ ఉంటుంది. కానీ కాయకు నీటితో సంబంధం లేదు. మా యంత్రమూ దేవుడు కాదు. నేను గుర్తు పెట్టిన పాయింట్లలోనూ ఎండినవి ఉన్నాయి. తడి బంకమట్టి, మంచి నీటి పొర రెండూ మీటరులో ఒకేలా కనిపించిన చోట నేను పొరబడ్డాను. ఆ బోరు వేయించిన రైతు నన్నేమీ అనలేదు. అప్పటి నుంచి రెండు పద్ధతులతో చూడకుండా పాయింటు ఇవ్వడం మానేశాను.

నగరంలో ఉన్నవాళ్ళకు ఒక లెక్క. మన దగ్గర ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 200 గజాల స్థలం మీద అది లక్షా 34 వేల లీటర్లు. ఇలాంటి రాతి నేలలో దానంతటది లోపలికి ఇంకేది పదో వంతు అటూ ఇటూ, అంటే 13 వేల లీటర్లు. నలుగురున్న ఇంటికి అది నెల కూడా రాదు. మనమేమో స్థలమంతా సిమెంటు చేసి, ఆ పదో వంతునూ వీధి కాలువలోకి తోలి, పక్కవాళ్ళకంటే వంద అడుగులు లోతుగా బోరు వేస్తున్నాం. ఇంకుడు గుంత తవ్వి, పూడిక తీస్తూ ఉంటే ఆ లెక్క మారుతుంది.

అపోహ: సముద్రం లేని ఊళ్ళో సునామీ కేంద్రం దేనికి?

ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) గురించి ఈ ప్రశ్న చాలాసార్లు విన్నాను. సునామీ హెచ్చరికకు సముద్రం కిటికీలోంచి కనపడాల్సిన అవసరం లేదు. భూకంప యంత్రాల సంకేతాలు, సముద్రపు అడుగున నీటి బరువును కొలిచే పరికరాల లెక్కలు, తీరాన అలల ఎత్తు ఉపగ్రహాల ద్వారా చేరతాయి. 2004 డిసెంబరు 26న సుమత్రాలో భూమి కదిలాక అలలు మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటలూ ఎవరూ ఎవరికీ చెప్పలేకపోయారు. ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది అందుకే. చేపలు ఎక్కడ దొరుకుతాయో సముద్రపు వేడినీ రంగునూ బట్టి చెప్పే సూచనలు కూడా ఇక్కడి నుంచే, తెలుగులోనే, మన మత్స్యకారులకు వెళ్తాయి.

అపోహ: ప్రభుత్వ ల్యాబులో పనేముంటుంది?

చౌటుప్పల్‌లో భూ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కేంద్రం ఉంది. అలాంటి గదిలోకి వెళ్ళే ముందు తాళాలు, ఫోను, బెల్టు, చేతి గడియారం బయట పెట్టాలి. ఆ గది గోడల్లో ఇనుప మేకు ఒక్కటీ ఉండదు. హైదరాబాద్‌లో ఈ కొలత 1960ల నుంచి సాగుతోంది. నగరం పెరిగి, బళ్ళూ కరెంటూ రొద చేసేసరికి ఊరి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. రోజూ అదే కొలత, పండగైనా పబ్బమైనా. ఏ ఒక్క రోజు అంకెకూ అమ్ముడుపోయే విలువ ఉండదు. అరవై ఏళ్ళ వరస చేతిలో ఉంటేనే భూమి లోపల ఏం మారుతోందో తెలుస్తుంది. కంపెనీలు చెయ్యని పని ఇది, ఎవరో ఒకరు చెయ్యాల్సిన పని. బ్యాటరీలు దొంగలు ఎత్తుకుపోయి భూకంపాలను నమోదు చేసే మా కేంద్రం ఒకటి వారం రోజులు మూగబోయినప్పుడు మా ల్యాబ్ కుర్రాడు సెలవు పెట్టకుండా బస్సెక్కి వెళ్ళి బాగుచేసి వచ్చాడు. ఆ వారం ఖాళీ మాత్రం రికార్డులో ఎప్పటికీ ఖాళీయే.

మీరూ ఈ రికార్డుకు సాయం చెయ్యవచ్చు. ఈసారి నేల కదిలినట్టు అనిపిస్తే, గ్రూపులో పెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: టైము సెకన్లతో సహా, మీరున్న అంతస్తు, కూర్చున్నారా, నిలబడ్డారా, పడుకున్నారా, ఏ వస్తువు కదిలింది, మొదటి అదురుకూ ఊపుకూ మధ్య ఎన్ని అంకెలు లెక్కపెట్టారు. ఫోనులో అడిగినప్పుడు మాకు అవే కావాలి.