కూత పెట్టకుండా గర్జించే యాంప్లిఫయర్

అమెరికా నల్లజాతివాళ్ల సంగీత బాణీ అయిన షికాగో బ్లూస్ రికార్డుల్లో మౌత్ ఆర్గాన్ (హార్మోనికా) విని, అది శాక్సోఫోనేమో అనుకునేవాళ్లు ఉంటారు. చూస్తే అరచేతిలో పట్టే వస్తువు. పది రంధ్రాలు, గాలికి అదిరి మోగే ఇరవై ఇత్తడి రేకులు (రీడ్లు), అంతే. దాని సొంత గొంతు సన్నగా ఉంటుంది. మరి ఆ లావు గొంతు ఎక్కడిది? కొంత వాయించేవాడి ఊపిరిది, నోటిది. కొంత అతని చేతుల్లో ఉన్న మైకుది. మిగిలింది వెనకాల వేడెక్కి ఉన్న వాల్వ్ యాంప్లిఫయర్‌ది, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో శబ్దం పెంచే పెట్టెది.

1952 మే నెలలో షికాగోలో హార్మోనికా వాద్యకారుడు లిటిల్ వాల్టర్ 'జూక్' అనే వాద్యగీతం రికార్డు చేశాడు. ఆ ఏడాది అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అది ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. హార్మోనికానూ చిన్న మైకునూ కలిపి రెండు చేతుల్లో బిగించి మూసి, ఆ మైకు తీగను నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలించి వాయించడంలో ఇప్పటికీ ముందు చెప్పుకునే పేరు అతనిదే. తమాషా ఏమిటంటే, ఈ బాణీకి వాడిన సామాన్లలో ఏదీ హార్మోనికా కోసం తయారైంది కాదు. యాస్టాటిక్ జేటీ-30, 1949లో వచ్చిన షూర్ గ్రీన్ బుల్లెట్ లాంటి మైకులు మాటలు వినిపించడానికి చేసినవి. హార్మోనికా వాళ్లు నెత్తిన పెట్టుకునే ఫెండర్ బాస్‌మన్ పేరులోనే ఉన్నట్టు బాస్ గిటార్ కోసం వచ్చింది. అన్నీ అరువు సరుకే.

అరువు సరుకుతో వచ్చే మొదటి చిక్కు కూత. స్పీకరులోంచి వచ్చిన శబ్దంలో కొంత తిరిగి మైకులో పడుతుంది, మళ్లీ పెరిగి బయటికొస్తుంది. ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అది మొదటికన్నా పెద్దదైతే, ఇక అక్కడి నుంచి చుట్టుచుట్టుకీ పెరుగుతూ పోయి చెవులు చిల్లులు పడే కుయ్యిమనే శబ్దమవుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఉండే పికప్‌కు ఈ బెడద తక్కువ. అది ముఖ్యంగా ఉక్కు తీగల కదలికనే పట్టుకుంటుంది. మైకు అలా కాదు, గదిలో ఉన్నదంతా వింటుంది.

గిటార్ యాంప్లిఫయర్ తయారుచేసేవాళ్లు పికప్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని మొదటి వాల్వులోనే బాగా పెంచేస్తారు. హార్మోనికాకు ఆ అవసరం లేదు. మూసిన చేతుల మధ్య రీడ్లకీ మైకుకీ దూరం పెద్దగా ఉండదు, కాబట్టి శబ్ద పీడనం చాలా ఎక్కువ. సిగ్నల్ పుట్టుకతోనే బలమైనది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. కూత మొదలయ్యేది సన్నటి శబ్దంతో. దాన్ని యాంప్లిఫయర్ ఎన్ని రెట్లు పెంచుతుందన్న దాన్ని బట్టే కూత వస్తుందా రాదా అన్నది తేలుతుంది. బ్లూస్ వాళ్లు కోరుకునే గరుకుదనం మాత్రం పెద్ద సిగ్నల్ వచ్చి వాల్వుల హద్దులు దాటినప్పుడు పుడుతుంది. అందుకే హార్మోనికా యాంప్ చేసేవాడు ముందుగా చేసే పని పెంపు తగ్గించడం. అలా తగ్గించినా వాయించేవాడు గట్టిగా ఊదితే చివరి దశలోని పవర్ వాల్వులు నిండిపోతాయి. ఊదనప్పుడు పెట్టె నిశ్శబ్దంగా ఉంటుంది.

దీనికి వాల్వుల్లో ఒక సౌకర్యం ఉంది. గిటార్ యాంపుల్లో మామూలుగా కనిపించే 12ఏఎక్స్7 అనే వాల్వు వర్ధన గుణకం (సిగ్నల్‌ని పెంచే శక్తికి కొలత) 100. అదే సాకెట్లో కూర్చునే 12ఏవై7ది సుమారు 44, 12ఏయూ7ది 20 దరిదాపు. టంకం ముట్టుకోకుండానే ఒకటి లాగి ఇంకొకటి పెట్టి విని చూడొచ్చు. 1950ల చివరి బాస్‌మన్‌లో మొదటి వాల్వుగా 12ఏవై7నే పెట్టేవారు. హార్మోనికా వాళ్లకు ఆ మోడల్ అంతగా నచ్చడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రెండో చిక్కు మైకుది. జేటీ-30 లోపల ఉండేది రోషెల్ సాల్ట్ అనే స్ఫటికం. వంచితే వోల్టేజీ పుట్టిస్తుంది. తేమకూ వేడికీ త్వరగా పాడయ్యే సున్నితమైన సరుకు. విద్యుత్ పరంగా చూస్తే అదొక చిన్న కెపాసిటర్. దాని విలువ 1500 పికోఫారడ్లు అనుకుందాం. యాంప్ ఇన్‌పుట్‌లో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటే సుమారు 106 హెర్ట్జ్ కింద ధ్వని సన్నగిల్లుతుంది. 1 లక్ష ఓములే ఉంటే ఆ హద్దు 1060 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. సీ హార్మోనికాలో అన్నిటికన్నా కింది స్వరం 262 హెర్ట్జ్ కాబట్టి గొంతులో బరువంతా అక్కడే పోతుంది, మిగిలేది తగరపు డబ్బా చప్పుడు. అందుకే హార్మోనికా కోసమే చేసే పెట్టెల్లో ఇన్‌పుట్ దగ్గర 5 మెగా ఓముల రెసిస్టర్ కనిపిస్తుంది. పైసా ఖరీదు మార్పు, ఫలితం మాత్రం గొంతు మార్చేసేంత.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది తీగలు లేని ఈ వాద్యం పలికించే కార్డుల, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుల, సంగతి. సీ హార్మోనికాలో రెండు, మూడు, నాలుగు రంధ్రాల నుంచి గాలి లోపలికి పీలిస్తే జీ మేజర్ కార్డు వస్తుంది. పాత పద్ధతిలో 4:5:6 నిష్పత్తికి శ్రుతి చేసిన హార్మోనికాలో ఆ మూడు స్వరాలు 392, 490, 588 హెర్ట్జ్. వాల్వు తరంగంలోని పై సగాన్ని ఒకలా, కింది సగాన్ని ఇంకోలా నలిపినప్పుడు, లోపలికి వెళ్లిన స్వరాల మధ్య తేడాలు కూడా కొత్త స్వరాలుగా బయటికొస్తాయి. 490లోంచి 392 తీసేస్తే 98. 588లోంచి 490 తీసేసినా 98. సరిగ్గా రెండు స్థాయిల కింది జీ. హార్మోనికాలో అంత కింది స్వరం పలికే రీడే లేదు, అయినా స్పీకరులోంచి వినిపిస్తుంది. ఇప్పటి పియానోల్లాగా సమాన విరామాలతో శ్రుతి చేస్తే అవే స్వరాలు 392, 493.9, 587.3. తేడాలు 101.9, 93.4. రెండూ కలవవు, సెకనుకు ఎనిమిది సార్లకు పైగా కొట్టుకుంటాయి. ఒకే యాంప్ మీద ఒక హార్మోనికా గుమ్మంటే ఇంకొకటి బురదగా మోగడానికి కారణం చాలాసార్లు ఇంత చిన్నది.

కార్డు గట్టిగా పీల్చిన క్షణంలో పవర్ వాల్వులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. పెద్ద మోటారు వేయగానే బల్బు మసకబారినట్టు, ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు దగ్గర వోల్టేజీ కాస్త కుంగి మెల్లగా లేస్తుంది. చెవికి అది శబ్దం అణిగి మళ్లీ ఉబ్బినట్టుంటుంది. ఆ వాల్వు బదులు సిలికాన్ డయోడు పెడితే ఈ కుంగుడు బాగా తగ్గుతుంది, వాయించేవాళ్లకు అది చప్పగా తోస్తుంది. ఒకే పవర్ వాల్వుతో నడిచే 5 వాట్ల చిన్న యాంపుల్లో కరెంటు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుంది కనుక అక్కడ ఈ ముచ్చట అంతగా ఉండదు.

ఇక చేత్తో చేయడం గురించి. చేతి టంకంలో మంత్రమేమీ లేదు. పాత కెపాసిటర్ల మహిమ గురించి వినిపించే కథల్లో సగం నేను నమ్మను. చేత్తో చేసినదాని లాభం వేరు. వైర్లు బోర్డు మీద విడివిడిగా కనిపిస్తాయి, ఏ విలువనైనా పది నిమిషాల్లో మార్చొచ్చు. వాయించే మనిషిని, అతని సొంత మైకుతో సహా ఎదురుగా కూర్చోబెట్టుకుని, కూత వచ్చేదాకా వాల్యూమ్ పెంచి, కాస్త వెనక్కి తగ్గి, అక్కడ కార్డు ఎలా మోగుతోందో వింటారు. నచ్చకపోతే స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన 400 వోల్టుల పైచిలుకు చార్జిని రెసిస్టర్ ద్వారా దించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే లోపల వేలు పెడతారు. ఆ తర్వాత ఒక రెసిస్టర్ మారుతుంది, మళ్లీ అదే కార్డు.